వాక్య పఠన పాఠమాల – 5వ పాఠం: వాగ్దానమూ హెచ్చరికా ఎదురుపడినప్పుడు

వచనాన్ని దాని చుట్టూ ఉన్న సందర్భంతో కలిపి చదవడం గత పాఠంలో నేర్చుకున్నాం. విశ్వాసి పొందిన రక్షణ పోతుందా పోదా అనే పాత వివాదంలో ఆ పద్ధతిని ఇప్పుడు ప్రయోగించి చూద్దాం. ఈ వివాదం సాధారణంగా నడిచే తీరు మీరు చూసే ఉంటారు: ఒకరు యోహాను 10:28 తెరిచి తన గొర్రెలను ఎవడూ తన చేతిలోనుండి అపహరింపడని ప్రభువు చెప్పాడంటారు, రెండోవారు హెబ్రీ 6:4-6 తెరిచి తప్పిపోయినవారిని మరల నూతనపరచుట అసాధ్యమని రాసి ఉందంటారు, ఆ తరువాత ఇద్దరూ గొంతు పెంచుతారు. ఈ పాఠం ముగిసేసరికి మీకు అలవడవలసినది ఒక్కటే. ఒక వాక్యం జరగబోయేదాన్ని తెలియజేస్తోందా, ఒక షరతు పెడుతోందా, లేక వినేవారిని ఒక పనికి కదిలించడానికి పలకబడిందా అని విడదీసి గుర్తించగలగాలి. బైబిలు, నోటుపుస్తకం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందుగా వివాదంతో సంబంధం లేనట్టు కనిపించే భాగాన్ని తీసుకుందాం, ఎందుకంటే పంతం లేనిచోట కన్ను బాగా పనిచేస్తుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరవండి. ఖైదీగా రోమాకు వెళుతున్న పౌలు ఎక్కిన ఓడ ఊరకులోను అనే పెనుగాలికి చిక్కుకుంది. 22వ వచనంలో పౌలు, ఓడకే తప్ప ఎవరి ప్రాణానికీ హాని కలగదని చెబుతాడు. రాత్రి దేవదూత తనతో అలా చెప్పాడని 24వ వచనంలో కారణం కూడా ఇస్తాడు. ఇందులో షరతు ఏమీ లేదు, కాబట్టి దాని పక్కన పెన్సిలుతో ‘వా’ అని, అంటే వాగ్దానమని రాసుకోండి. పద్నాలుగో రాత్రి ఓడవారు లోతు కొలిచి చూస్తే ముందు ఇరవై బారలు, కొంచెం ముందుకు వెళ్లాక పదిహేను బారలు వచ్చింది. రాళ్లకు కొట్టుకుంటామన్న భయంతో వెనుకవైపు నాలుగు లంగరులు దించి, తెల్లవారితే చాలుననుకున్నారు. అంతలో ఓడవారు కొందరు ముందువైపు కూడా లంగరులు వేస్తామనే నెపంతో చిన్న పడవను దించి పారిపోబోయారు. అప్పుడు 31వ వచనంలో అదే పౌలు శతాధిపతితోనూ సైనికులతోనూ, వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరని అన్నాడు. దీని పక్కన ‘హె’ అని, అంటే హెచ్చరిక అని రాయండి.

ఇక్కడ తొందరపడే పాఠకుడు, మొదటి మాట నిజమైతే రెండో మాట ఉత్తుత్తి బెదిరింపు అయి ఉండాలి, రెండోది నిజమైతే మొదటిది తెగని వాగ్దానం కాదు అనేస్తాడు. సైనికులు ఏం చేశారో చూడండి. వారు పడవ తాళ్లు కోసి దాన్ని కొట్టుకుపోనిచ్చారు. హెచ్చరిక విన్నవారు లోబడ్డారు, ఆ లోబడడం ద్వారానే వాగ్దానం నెరవేరింది. 37వ వచనం లెక్క ప్రకారం ఓడలో ఉన్న 276 మందీ, కొందరు ఈది, కొందరు పలకలమీదా ఓడ చెక్కలమీదా, ఒడ్డు చేరారు. హెచ్చరిక వాగ్దానానికి పోటీగా రాలేదు, అది నెరవేరడానికి వాడబడిన సాధనంగా వచ్చింది. 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ పట్టణంలో కూడిన సంస్కరణ (రిఫార్మ్డ్) సంఘాల మహాసభ ఈ తర్కాన్నే తన తీర్మానాల్లో చేర్చింది: దేవుడు తనవారిని చివరివరకు నిలిపే సాధనాల్లో ఉపదేశాలు, బెదిరింపులు, వాగ్దానాలు కూడా ఉన్నాయని ఐదవ అధ్యాయం 14వ అంశం చెబుతుంది.

ఇప్పుడు హెబ్రీ పత్రికకు రండి. 5:11 నుండి 6:12 వరకు చదివి, సర్వనామాల కింద మాత్రం గీతలు గీయండి. 5వ అధ్యాయం చివర రచయిత ‘మీరు’ అని మందలిస్తాడు, 6:1-3లో ‘మనము’ అని తననూ కలుపుకుంటాడు, 4-6 వచనాల్లో హఠాత్తుగా ‘అట్టివారు’ అని మూడోవారి సంగతి ఎత్తుతాడు, 9వ వచనంలో మళ్లీ ‘ప్రియులారా’ అని పిలిచి, మీరు రక్షణకరమైన స్థితిలోనే ఉన్నారని రూఢిగా నమ్ముతున్నామంటాడు. భయపెట్టిన నోటితోనే వెంటనే ధైర్యం చెప్పాడంటే ఆ భయం వారిని నిలబెట్టడానికే అన్నది స్పష్టం. ఇంతవరకు ఓడ కథ మనకు తోడు వస్తుంది.

అయితే ఇంతటితో ఆగిపోతే మనం నిజాయితీగా చదివినట్టు కాదు. ‘అట్టివారు’ అనే గుంపును రచయిత వెలిగింపబడినవారని, పరలోకసంబంధమైన వరాన్ని రుచి చూచినవారని, పరిశుద్ధాత్మలో పాలివారని వర్ణించాడు. వీరు అసలు విశ్వాసులే కారని తేల్చే వ్యాఖ్యానం నాకు బిగుతుగా అనిపిస్తుంది. విశ్వాసిని వర్ణించమంటే ఇంతకంటె ఏం రాస్తాం? 1610లో డచ్చి వేదాంతి అర్మినియస్ శిష్యులు సమర్పించిన విన్నపంలోని ఐదవ అంశం, విశ్వాసి పూర్తిగా పడిపోగలడా అన్నది లేఖనాల్లో ఇంకా పరిశీలించవలసిన విషయమని వదిలేసింది. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1751లో రాసిన వ్యాసంలో పడిపోగలడనే వాదించాడు. లూథరన్లు కూడా, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 12వ అంశాన్ని బట్టి, నీతిమంతుడిగా తీర్చబడినవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకోగలడనే బోధిస్తారు. మన కోస్తా జిల్లాల్లో ఒకే ఊరిలో లూథరన్ సంఘమూ, రక్షణ పోదని సాధారణంగా బోధించే బాప్టిస్టు సంఘమూ ఉన్నచోట ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినబడితే ఆశ్చర్యమేమీ లేదు. నా మట్టుకు, డోర్ట్ వారి వివరణ ఓడ కథకు సరిగ్గా అతుకుతుంది, హెబ్రీ 6కు కొంత లాగితే గాని అతకదు. వెస్లీకి అదే ఇబ్బంది యోహాను 10 దగ్గర ఎదురవుతుంది.

దీని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: ఎవరు చివరివరకు నిలుస్తారో దేవునికి ముందే తెలిస్తే, మనిషి ఎంపికకు చోటెక్కడ? ఇక్కడ విడదీయవలసినవి రెండు వాక్యాలు. ‘దేవుడు ఎరిగినది తప్పక జరుగుతుంది’ అనేది మొదటిది. ‘అది వేరే విధంగా జరగడానికి వీలే లేదు’ అనేది రెండోది. మొదటిదాన్ని ఒప్పుకున్నవారు రెండోదాన్నీ ఒప్పుకున్నట్టే అని చాలామంది అనుకుంటారు, కానీ దానికి వేరే ఆధారం చూపించాలి. పంచాంగంలో రాశారు కనుక గ్రహణం పట్టదు. పడుతుంది కనుకనే ముందుగా రాయగలిగారు. (సూర్యచంద్రులకు ఇష్టాయిష్టాలు ఉండవు కాబట్టి ఈ పోలికను ఇంతకుమించి నడిపించకండి.)

ఈ విషయంలో అత్యంత విలువైన భాగం 1 సమూయేలు 23:9-13. దావీదు కెయీలా పట్టణాన్ని ఫిలిష్తీయుల చేతిలోనుండి విడిపించి అక్కడే ఉండగా, తనను చంపజూస్తున్న సౌలు రాజు వస్తున్నాడని తెలిసింది. యాజకుడైన అబ్యాతారు తెచ్చిన ఏఫోదు (దేవుని చిత్తం అడిగి తెలుసుకోవడానికి వాడిన యాజకవస్త్రం) దగ్గర దావీదు రెండు ప్రశ్నలు అడిగాడు. సౌలు దిగివస్తాడా? వస్తాడని జవాబు. కెయీలావారు నన్ను అప్పగిస్తారా? అప్పగిస్తారని జవాబు. దావీదు దాదాపు 600 మందితో లేచి వెళ్లిపోయాడు, ఆ సంగతి విని సౌలు ప్రయాణం మానుకున్నాడు, అప్పగింత జరగనే లేదు. దేవుడు చెప్పినది తప్పా? కాదు; దావీదు అక్కడే ఉంటే ఏం జరిగేదో చెప్పాడు, అందులో దాగిన షరతును దావీదు సరిగ్గా గ్రహించాడు. స్పెయిన్ దేశపు యేసుసభ (జెస్యూట్) పండితుడు లూయిస్ డి మొలీనా 1588లో ప్రచురించిన గ్రంథంలో, మనుషులు ఏ పరిస్థితిలో ఏమి ఎంచుకునేవారో దేవుడు ఎరుగునని వాదించి, ఆ ఎరుకకు మధ్యమ జ్ఞానమని పేరు పెట్టాడు. డొమినికన్ అనే మరో కథోలిక సన్యాసి సభ పండితులు దాన్ని గట్టిగా ఎదిరించారు. రోమాలో ఏళ్ల తరబడి విచారణ నడిచాక, 1607లో పోప్ ఐదవ పౌలు ఎవరి పక్షమూ తీర్పు చెప్పకుండానే దాన్ని ముగించాడు.

ఈ వారం అభ్యాసానికి లూకా 22:31-34 తీసుకోండి. ‘వా’, ‘హె’ గుర్తులు పెట్టండి. మూడో గుర్తుగా, ముందే ఎరిగి చెప్పిన మాట పక్కన ‘ఎ’ అని రాయండి. పేతురు పడిపోవడం, తిరిగి రావడం, ఈ రెండింటిలో దేనిని ప్రభువు ప్రార్థన ఆపింది, దేనిని ఆపలేదు అన్నది రెండు వాక్యాల్లో రాయండి. ఆ తరువాత అదే అధ్యాయంలో యూదాను గురించిన 22వ వచనం చదివి, నిర్ణయమూ బాధ్యతా ఆ ఒక్క వచనంలో ఎక్కడెక్కడ కనిపిస్తున్నాయో గీత గీసి ఉంచుకోండి. ఆరో పాఠం ఆ గీతల దగ్గరనుండే మొదలవుతుంది.