కుక్క తినకూడనిది తింటే: ముందుగాల టైము రాసుకోండి

హన్మకొండల పశువుల దవాఖానల కాంపౌండరుగ చాన ఏండ్లు చేసిన. కుక్కను ఎత్తుకొని ఉరికొచ్చినోళ్లను డాక్టరు సారు మొదలు అడిగేది ఒక్కటే: ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది? కంగారుల ఎవ్వరికీ గుర్తుండదు. అందుకే నోట్ల మిగిలింది తీసేసి, వెంటనే టైము రాసుకోండి. చాక్లెటు కాయితమో, కిస్మిస్ పాకిటో దొరికితే వెంట తెచ్చుకోండి. కుక్క బరువు కూడ తెలిసి ఉండాలె, కిలోల లెక్క మీదనే వైద్యం నడుస్తది.

"మంచిగనే ఆడుతున్నది గదా, పొద్దుగాల చూద్దాం" అనుకోకండి. తిన్నది ఇంకా కడుపుల ఉన్నప్పుడే డాక్టరు కక్కియ్యాలె. సుమారు 2 గంటలు దాటితే పేగులల్లకు దిగుతది. పరకాల, నర్సంపేట దిక్కునుంచి వచ్చేటోళ్లకు తొవ్వల్నే సగం టైము పోతది, కాబట్టి బయలుదేరకముందే ఫోను చేసి డాక్టరు ఉన్నడో లేడో కనుక్కోండి.

ఇంట్ల మీరు కక్కియ్యొద్దు. ఉప్పునీళ్లు తాగిస్తే రక్తంల ఉప్పు పెరిగి ఫిట్స్ వస్తయి, ప్రాణమే పోవచ్చు. గొంతుల వేళ్లు పెట్టొద్దు. పాలు, సల్ల, నిమ్మరసం విషాన్ని విరవయి. తూలుతున్న కుక్కకు పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతయి.

ద్రాక్ష, కిస్మిస్‌కు ఇన్ని తింటే పర్వాలేదన్న లెక్క లేదు. ఒక కుక్కకు ఏం కాదు, ఇంకో కుక్కకు కొన్నింటికే కిడ్నీలు దెబ్బతింటయి. టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021ల అమెరికా పశువైద్యులు చెప్పిండ్రు. ఆ ఆమ్లం మన చింతపండుల దండిగ ఉంటది! పిసికి పారేసిన పిప్పి, పులిహోర గుజ్జు, పచ్చిపులుసు గిన్నె కుక్కకు అందనియ్యకండి. ఈ సంగతి మనోళ్లల్ల చానమందికి తెల్వదు, అందుకే గట్టిగ చెప్తున్న. తిన్నదంటే ఇంక ఆగొద్దు.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉడికినా వాటి గుణం పోదు. మటన్ కూర, ఉల్లాకు ఏసిన సర్వపిండి అన్నీ ఇందులకే వస్తయి. 10 కిలోల కుక్కకు 150 గ్రాముల ఉల్లిగడ్డ చాలు, ఎర్ర రక్తకణాలు పగులుతయి. తిన్నరోజు ఏం కనపడదు, మూడు నాలుగు రోజులకు బయటపడతది. అన్ని రోజులు చిగుళ్లు చూడాలె. పై పెదవి లేపి, చిగురు మీద బొటనవేలు ఒత్తి తియ్యండి. తెల్లబడ్డ చోట 2 సెకన్లల గులాబి రంగు తిరిగి రావాలె. చిగుళ్లు పాలిపోయినా, పసుపు రంగుకు తిరిగినా, మూత్రం డికాక్షన్ లెక్క వచ్చినా ఆ పూటనే దవాఖానకు తీస్కపోండి.

చాక్లెటు ఎంత నల్లగుంటే అంత విషం. 10 కిలోల కుక్క 50 గ్రాముల డార్క్ చాక్లెటు తిన్నా వాంతులు, గుండెదడ, వణుకు రావచ్చు. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ముల జైలిటాల్ (చక్కెరకు బదులు ఏసే తీపి) ఉంటే ఇంకా తొందర, గంటలోపే రక్తంల చక్కెర పడిపోతది.

ఉడికిన కోడిబొక్కలు మింగితే మాత్రం కక్కియ్యమని డాక్టరును మీరే అడగకండి, వచ్చేటప్పుడు గొంతు చీరుకుంటది.

ద్రాక్ష, చింతపండు తిన్న కుక్క డ్రిప్ పెట్టినంక లేచి తిరుగుతదని పరీక్షలు ఆపకండి. క్రియాటినిన్ (కిడ్నీల పని చెప్పే రక్తపరీక్ష) మూడు రోజుల దాక మళ్లమళ్ల చూపియ్యాలె, మూత్రం మంచిగ పోస్తున్నదో లేదో చూసి సారుకు చెప్పాలె.