రేగడి నేలలో కామోమైల్‌ను బతికించిన తీరు
గుంటూరులోని మా పెరట్లో నిరుడు అక్టోబరు చివర చల్లిన కామోమైల్ (పూలతో టీ కాచుకునే చిన్న మొక్క) విత్తనాలు ఒక్కటీ మొలవలేదు. ధూళిలా సన్నగా ఉండే ఆ గింజలకు వెలుతురు తగిలితేనే మొలక బాగా వస్తుందని తెలియక, నేను వాటిపై అరంగుళం మట్టి కప్పాను. రెండోసారి అరచేత్తో అదిమి వదిలేస్తే పది రోజుల్లో మొలిచాయి గానీ, రోజూ పోసిన నీరు నల్లరేగడిలో నిలిచిపోయి, సగం మొక్కల మొదళ్లు నల్లబడి కుళ్లాయి. మిగిలిన నారును, సగానికి సగం ఇసుక కలిపి జానెడు ఎత్తున కట్టిన మడిలోకి మార్చి, వేలు గుచ్చి చూసి, లోపలి తడి ఆరాకే నీరు పెట్టాను. ఫిబ్రవరిలో పసుపు బొడ్డు చుట్టూ తెల్లరేకులతో పూలు విచ్చాయి. నలిపితే అచ్చం ఆపిల్ వాసనే. నీటి ఎద్దడికి ఓర్చిన ఈ మొక్క ఏప్రిల్ ఎండలకు మాత్రం నిలవలేదు, అప్పటికి గింజలు సీసాకెత్తాను.