వాన పడిన ఇసుకరాయి జోలికి పోవద్దు: బాదామి బయల్దేరే మనవాళ్లకి జాగ్రత్తలు

పోయిన నెలాఖరులో మన తిరుపతి పిల్లలు ఐదుగురు కర్ణాటకలోని బాదామికి బౌల్డరింగ్‌కి (తాడు లేకుండా పెద్ద గుండ్లు ఎక్కడానికి) వెళ్లారు. వాళ్లలో ఒకడిని మొన్న ఆదివారం ఇంటికి వెళ్లి చూసొచ్చాను. మడమ ఎముక ముక్కలైంది, ప్లేటు వేసి స్క్రూలు బిగించారు, మూడు నెలలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారట. మంచం పక్కన కిటికీ గట్టు మీద ఒక రాతిపెచ్చు పెట్టుకున్నాడు. అరచేయంత ఉంటుంది, ఒకవైపు ఎర్రగా నున్నగా, విరిగిన వైపు గరుకుగా. పన్నెండు అడుగుల ఎత్తు నుంచి పడినప్పుడు అది వాడి చేతిలోనే ఉంది. వాళ్లమ్మ బయట పారేస్తానంటే వద్దన్నాడంట. నేను దాన్ని తీసుకుని విరిగిన వైపు బొటనవేలితో గట్టిగా రుద్దాను, ఒక్క రేణువు రాలలేదు. "ఆ రోజు అట్ల లేదన్నా, లోపల బెల్లం రంగులో చెమ్మగా ఉండె, ముట్టుకుంటే ఇసుక రాలిపోయింది" అన్నాడు.

అక్కడ రెండు రోజులు వాన పడింది. మూడో రోజు పొద్దున్నే మంచి ఎండ. రాయిని చేత్తో తడిమి చూశారు, పొడిగా ఉంది. ఎక్కారు. అంతే జరిగింది.

ఇప్పుడు నవంబరు వచ్చింది, ఫిబ్రవరి దాకా బాదామి సీజన్, మన దగ్గర నుంచి కనీసం రెండు మూడు బ్యాచ్‌లు వెళ్తాయని నాకు తెలుసు. హెల్మెట్ పెట్టుకోండి, నీళ్లు మోసుకెళ్లండి, తాగి ఎక్కొద్దు లాంటివి నేను చెప్పక్కర్లేదు. నాకు భయం వేసేది ఒక్క తప్పు గురించే. పన్నెండేళ్లుగా ఎక్కుతున్నాను, నా కళ్లముందే ముగ్గురు ఇదే తప్పు చేసి ఎముకలు విరగ్గొట్టుకున్నారు, ముగ్గురూ బాగా ఎక్కేవాళ్లే.

రాయి సంగతి

మనం ఎక్కడం నేర్చుకునేది గ్రానైట్ మీద. చంద్రగిరి, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ వైపు ఉండే గుండ్లన్నీ గ్రానైటే. గ్రానైట్‌లో స్ఫటికాలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి, నీళ్లకి లోపలికి దారి పెద్దగా దొరకదు. వాన వెలిసి గంట సేపు ఎండ, గాలి తగిలితే పైన తడి పోతుంది, పైన తడి పోతే పని అయిపోయినట్టే. ఆ అలవాటే మన చేతుల్లో ఉంటుంది. ఆ అలవాటుతోనే బాదామికి వెళ్తాం.

బాదామి రాయి ఇసుకరాయి. ఇసుక రేణువులు, వాటిని పట్టి ఉంచే బంక, ఆ రెండే. ఆ బంక కొన్నిచోట్ల సిలికా, కొన్నిచోట్ల ఇనుము తుప్పు (ఆ ఎర్రరంగు దానిదే), కొన్నిచోట్ల బంకమట్టి. రేణువుకీ రేణువుకీ మధ్య ఖాళీలుంటాయి, నీళ్లు నేరుగా అందులోకి దిగుతాయి, బంక మెత్తబడుతుంది. కొన్ని ఇసుకరాళ్లు తడిస్తే బలం సగానికి పైగా పోతుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి ఇటుకల్ని తొట్టిలో వేస్తే బుడబుడమని బుడగలు వస్తాయి చూశారా, అట్లా తాగుతుంది. అదే ఇటుకని తీసి ఎండలో పెట్టండి, గంటకి పైన పొడిగా అయిపోతుంది. పగలగొట్టి చూడండి, లోపల నల్లగా చెమ్మ. పైన ఆరింది, లోపల ఆరలేదు. మన పిల్లవాడు తడిమి చూసింది ఇటుక పైభాగాన్ని.

వాడు ఎక్కిన ఆ లైన్ (రాయి మీద ఎక్కే దారి) మీద అంతకుముందు ఎంతోమంది అదే పెచ్చుని పట్టుకుని ఎక్కి ఉంటారు. "అందరూ పట్టుకునే హోల్డ్ కదన్నా" అని వాడూ అన్నాడు. అందరూ ఆరిన రాయి మీద పట్టుకున్నారు నాయనా.

ఎంతసేపు ఆగాలి అని అడుగుతారు. జల్లు పడి వెలిస్తే ఒక రోజు పూర్తిగా. గట్టి వాన పడితే మూడు రోజులు, అంటే 72 గంటలు, అది కూడా ఎండ, గాలి ఉంటేనే. ఎండ తగలని ఉత్తరపు ముఖాలు, చెట్ల నీడలో ఉన్న గుండ్లు, నేలకి ఆనుకుని ఉన్న కింది భాగం ఇంకా ఆలస్యంగా ఆరతాయి. ఓవర్‌హ్యాంగ్ (ముందుకి పొడుచుకొచ్చిన రాయి) కింద వాన పడలేదు కదా అనుకోవద్దు, పైన పడిన నీళ్లు రాయి లోపలి నుంచే రెండో రోజు అక్కడికి దిగుతాయి.

గంటలు లెక్కపెట్టుకోవడం కన్నా నేను నమ్మేది మట్టిని. గుండు మొదట్లో, రాయికి ఆనుకుని ఉన్న మట్టిని నాలుగు వేళ్ల లోతు తవ్వండి. గుప్పెడు తీసి పిసకండి. ముద్ద కట్టిందా, చల్లగా తగిలిందా, ఆ రోజుకి బూట్లు విప్పేయండి. పొడిపొడిగా వేళ్ల మధ్య నుంచి జారిపోతే అప్పుడు రాయి గురించి ఆలోచించండి. దీనికి అర నిమిషం పడుతుంది. ఆ ఐదుగురిలో ఒక్కరూ ఈ పని చేయలేదు.

ఇది నా చాదస్తం అనుకునేవాళ్లకి ఒక మాట. జర్మనీలో సాక్సనీ అనే చోట వందేళ్లకు పైగా ఇసుకరాతి శిఖరాలు ఎక్కుతున్నారు. అక్కడ తడిరాయి ఎక్కడం నిషేధం. పగుళ్లలో ఇనుప సామాను పెట్టనివ్వరు, ముడులు వేసిన తాళ్లే వాడాలి, చేతులకి చాక్ (చెమట పీల్చే తెల్లపొడి) కూడా రాయనివ్వరు. మనిషితో పాటు రాయినీ కాపాడుకుంటున్నారు వాళ్లు. విరిగిన హోల్డ్ మళ్లీ మొలవదు, మన తర్వాత వచ్చేవాళ్లకి ఆ లైన్ ఉండదు.

క్రాష్ ప్యాడ్లు (పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే మందపాటి పరుపులు) ఉన్నాయి కదా అంటారు. పట్టు జారి పడటం వేరు, హోల్డ్ విరిగి పడటం వేరు. జారుతున్నప్పుడు ఒంటికి తెలుస్తుంది, కాళ్లు కిందకి తెచ్చుకునే సమయం ఉంటుంది. హోల్డ్ విరిగితే మీరు బలమంతా పెట్టి లాగుతున్న క్షణంలో వెనక్కి ఎగిరిపోతారు, ప్యాడ్ ఒకచోట ఉంటుంది, మీరు ఇంకోచోట పడతారు. విరిగిన రాయి కింద స్పాటింగ్ చేస్తున్నవాడి (పడేవాణ్ణి ప్యాడ్ మీదకి మళ్లించడానికి నిలబడినవాడి) తల మీదకి వస్తుంది. తాడు ఉందిలే అనుకునేవాళ్లకీ ఇదే సంగతి, తడి పగులులో పెట్టిన కామ్ (తాడుని పట్టి ఉంచడానికి పగులులో ఇరికించే లోహపు సాధనం) పడిన బరువుకి పగులు అంచుల్ని తొలుచుకుని బయటికి వచ్చేస్తుంది.

అసలు కారణం రాయి గురించి తెలియకపోవడం కూడా కాదు. టికెట్లు బుక్కయ్యాయి, లీవు నాలుగు రోజులే, మళ్లీ ఎప్పుడో. ఆ టెన్షన్‌లో మనసు "ఆరిపోయింటుందిలే" అనుకోవడానికి సాకు వెతుకుతుంది. కాబట్టి బయల్దేరక ముందే రెండో దారి చూసి పెట్టుకోండి. హరిప్రియ ఎక్స్‌ప్రెస్‌లో గదగ్‌కి వెళ్లి అక్కడ బాదామి బండి ఎక్కే దారిలోనే హోసపేట వస్తుంది, అక్కడ దిగితే హంపి. హంపి గుండ్లు గ్రానైట్, వాన వెలిసిన పూటకే చాలా వరకు ఆరిపోతాయి. బాదామిలో దిగాక వాన పడితే గుహలు చూడండి, పట్టదకల్లుకి వెళ్లి రండి, 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న గుళ్లు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఎక్కకుండా తిరిగొచ్చిన ట్రిప్ వృథా కాదు.

అడవి సంగతి

బాదామి దాకా ఎందుకు, మన శేషాచలంలోనే ఎక్కుదాం అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. వద్దు. ఈ కొండల రాయి కూడా పుట్టుకతో ఇసుకరాయే, గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది, కాబట్టి ఇటుకలా నీళ్లు తాగదు. కానీ పొరల మధ్య, పగుళ్ల మధ్య మట్టి ఉంటుంది, వానకి అది కొట్టుకుపోతే బండకి బండే కదులుతుంది. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నది మనకి గుర్తే. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. సరిగ్గా బాదామి సీజన్ మొదలయ్యేటప్పటికి మన కొండలు నాని ఉంటాయి.

పైగా అది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్ కూడా. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. ఎర్రచందనం ఉన్న అడవిలో నలుగురు కుర్రాళ్లు తాళ్లు, పెద్ద పెద్ద మూటలు మోసుకుని చీకటితోనే నడుస్తుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారో ఒకసారి ఆలోచించండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను ఎత్తుకుపోయి చంపింది, వేలమంది నడిచే దారిలో. మీరు వెళ్లాలనుకునే చోట ఎవరూ నడవరు. చంద్రగిరి, తలకోన వైపు ఏనుగులు తిరుగుతున్నాయి. శిలాతోరణం మీద ఎక్కి ఫోటో దిగాలని ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

అటవీశాఖ అనుమతితో, వాళ్ల మనిషిని వెంటబెట్టుకుని తలకోన లాంటి చోట్లకి వెళ్లేవాళ్లకి ఒక్కటే చెప్తాను, జలపాతం దగ్గర నాచు పట్టిన బండ మీద ఎంత మంచి క్లైంబింగ్ షూ అయినా నిలవదు.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరుసలో

క్రాష్ ప్యాడ్‌ని రాత్రి బయట వదిలేయొద్దు. పొద్దున మడత విప్పేటప్పుడు మీకు దూరంగా, కర్రతో విప్పండి. ఒకసారి నేను విప్పిన ప్యాడ్ మడతలో చుట్ట చుట్టుకుని రక్తపింజరి ఉంది, నా చెయ్యి దానికి జానెడు దూరంలో ఉండింది.

పగుల్లో చెయ్యి పెట్టే ముందు లోపలికి టార్చి వేసి చూడండి. తేళ్లు, జెర్రులు పగలు అక్కడే పడుకుంటాయి.

పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. మనిషిని నడిపించొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, విరుగుడు మందు ఉన్న పెద్దాసుపత్రికి మోసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి, కర్ణాటకలో కూడా అదే నంబరు. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో పొద్దున్నే చూసి పెట్టుకోండి, దెబ్బ తగిలాక వెతకొద్దు.

కొండకి పెద్ద తేనెపట్టు కనిపిస్తే దాని చుట్టుపక్కల ఏ లైనూ ఎక్కొద్దు. అరవొద్దు. సిగరెట్ వెలిగించొద్దు. సెంటు పూసుకుని రావొద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తండి, కానీ తాడు మీద మనిషి ఉంటే ముందు వాడిని దించాలి. బిలే చేసేవాడు (కింద నుంచి తాడు పట్టి ఎక్కేవాణ్ణి కాపాడేవాడు) ఈ మాటకి ఒప్పుకోకపోతే వాడికి తాడు ఇవ్వొద్దు.

కొత్త హోల్డ్ పట్టుకునే ముందు అరచేత్తో తట్టండి. కుండ తట్టినట్టు డొల్లగా పలికితే వదిలేయండి.

దిగే దారి చూడకుండా ఎక్కొద్దు.

టాప్ రోప్ (పైన ఆధారానికి వేసి కిందకి వదిలే తాడు) కట్టేటప్పుడు యాంకర్‌ని (పైన తాడుకి ఆధారమైన కట్టుని) పొడుగ్గా కట్టి కారబైనర్ (తాడు దూర్చే లోహపు కొక్కెం) అంచు దాటి కిందకి వేలాడేలా చూడండి. తాడు ఇసుకరాతి అంచు మీద రాసుకుంటే రాయీ అరుగుతుంది, తాడూ తెగుతుంది.

రాతిలో బిగించిన పాత బోల్టు చుట్టూ తుప్పు కారిన చార ఉంటే, బోల్టు చేతికి కదిలితే, దాని మీద బరువు పెట్టొద్దు.

బూటు అడుగున ఇసుకతో రాయి ఎక్కొద్దు. పారిస్ దగ్గర ఫాంటెన్‌బ్లో అడవిలో చిన్న పట్టా వేసుకుని కాలు తుడుచుకున్నాకే ఎక్కుతారు. పాత గోనెసంచి ముక్క చాలు. ఇనుప బ్రష్ తేవద్దు, మెత్తటిదే.

బాదామి గుహలు, కోట, గుళ్లు పురావస్తు శాఖవి. వాటి గోడల మీద చెయ్యి కూడా వేయొద్దు.

కోతులు తిండి సంచి లాక్కుంటే వదిలేయండి. సంచి కోసం తాడు వదిలిన బిలేయర్ని చూశాను.

పడినవాడు మెడ నొప్పి, నడుము నొప్పి అంటే ఎత్తి కూర్చోబెట్టొద్దు. నీళ్లు తాగించి లేపొద్దు. కదిలించొద్దు.

పొద్దున మంచు కురిసిందా, మట్టి చూడండి. నిన్న చూశాం కదా అనొద్దు, మళ్లీ చూడండి. పక్క బ్యాచ్ వాళ్లు ఎక్కుతున్నారా, ఎక్కనివ్వండి, మీరు మట్టి చూడండి. అక్కడివాళ్లు "ఏం కాదు" అన్నారా, మట్టి చూడండి. గ్రూపులో ఒక్కరు వద్దంటే ఆ రోజు అందరికీ వద్దు. ఓట్లు వేసుకోవద్దు.

ఈ నెలాఖరుకి టికెట్లు తీసుకున్నవాళ్లు బండి ఎక్కే రోజు పొద్దున అక్కడ గది ఇచ్చేవాళ్లకి ఫోన్ చేసి ఈ మూడు రోజుల్లో వాన పడిందా అని అడగండి. పడిందంటే సామాను హోసపేటలోనే దింపండి.