గ్రనాడా కెథెడ్రల్‌కి వెళ్తే రాణిగారి సమాధి మర్చిపోకండి

స్పెయిన్‌లో గ్రనాడా వెళ్లేవాళ్లకి ఒక మాట. కెథెడ్రల్ అనే పెద్ద చర్చి, పక్కనే రాజకుటుంబం సమాధులున్న రాయల్ చాపెల్ గోడకి గోడ ఆనుకునే ఉంటాయి కానీ టికెట్లు వేరు, ద్వారాలు వేరు. ఒకటి చూసి రెండూ అయిపోయాయనుకుని వెళ్లిపోతారు చాలామంది.

నా సలహా, ముందు చాపెల్‌కే వెళ్లండి. కొలంబస్‌ని సముద్రయానానికి పంపిన స్పెయిన్ రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండ్ సమాధులు అక్కడే ఉన్నాయి. పాలరాతి శిల్పాలు చూసి ఆగిపోకుండా కింద నేలమాళిగలోకి మెట్లు దిగండి. పైన అంత వైభవం, కింద నల్లటి సాదా సీసపు శవపేటికలు! అసలు చూడాల్సింది అదే. ఇసబెల్లా కిరీటం, ఫెర్డినాండ్ కత్తి పక్కనున్న మ్యూజియంలో ఉంటాయి.

తర్వాత కెథెడ్రల్. 1523లో మొదలుపెట్టారు, 1528 నుంచి వాస్తుశిల్పి సిలోయే చేతిలో రెనసాన్స్ రూపం, అంటే పాత గ్రీకు, రోమన్ కట్టడాల పోకడ, తీసుకుంది. చాపెల్ చీకటి నుంచి వచ్చాక ఆ తెల్లటి స్తంభాలు, వెలుతురు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, ఆ పూట పెట్టుకోకండి.

అన్నట్టు, బయట ఎవరైనా రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టబోతే తీసుకోకండి. ఊరికే ఇచ్చినట్టే ఉంటుంది, వెంటనే చెయ్యి చూసి జాతకం చెప్పి డబ్బులడుగుతారు.