చూపు లేని విద్యార్థికి లెక్కలు, సైన్సు: తరగతిలో ఏం అమర్చాలి, ఎలా వాడాలి

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా చదివే చూపు లేని పిల్లలకు ఫోన్లో ఆడియో పాఠం ఇస్తే సాంఘికశాస్త్రం గట్టెక్కుతుంది. లెక్కలు గట్టెక్కవు. లెక్క చేసేటప్పుడు పై వరుస చూసుకుంటూ కింది వరుస రాస్తాం, మధ్యలో రెండు మూడుసార్లు వెనక్కి వెళ్తాం. చెవితో అలా వెనక్కి వెళ్లడం కష్టం. వేలితో తేలిక. అందుకే పరికరం ఏదైనా, కొనేముందు ఒకటి చూడండి: పిల్లవాడు తన లెక్కను తానే మళ్లీ చదువుకుని తప్పు పట్టుకోగలడా? లేకపోతే అది ఎంత ఖరీదైనదైనా లెక్కలకు పనికిరాదు.

ముందు నోటిమాట

దీనికి పైసా ఖర్చు లేదు. బోర్డు మీద వేలు పెట్టి "ఇది అటు పోతే ఇది వస్తుంది" అనడం మానేయాలి. రాసే ప్రతి గుర్తునూ పైకి చదవాలి, అదీ రెండర్థాలు రాకుండా. "ఎక్స్ ప్లస్ వన్ బై టూ" అంటే ఎక్స్‌కు అర కలపాలా, మొత్తాన్ని రెండుతో భాగించాలా? చూసేవాళ్లకు గీత పొడవు చెబుతుంది, వినేవాళ్లకు ఏదీ చెప్పదు. "భిన్నం మొదలు, లవం ఎక్స్ ప్లస్ ఒకటి, హారం రెండు, భిన్నం పూర్తి" అనండి. వర్గమూలానికీ అంతే: మూలం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పాలి. ఘాతం చదివాక "ఘాతం అయింది" అనకపోతే తర్వాత వచ్చే ప్లస్ కూడా పైకెక్కి కూర్చుంటుంది. వారం రోజులు ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ తర్వాత తరగతిలో మిగతా పిల్లలు కూడా ఇలాగే చదవడం మొదలుపెడతారు.

చేత్తో లెక్క చేయడానికి

కూడికలు, హెచ్చవేతలకు అబాకస్ చాలు. చూపు లేనివారి అబాకస్‌లో పూసల వెనక ఫెల్ట్ గుడ్డ గానీ ఫోమ్ గానీ ఉంటుంది. వేలు తగిలినంత మాత్రాన పూస జారకూడదు కాబట్టి. మామూలు అబాకస్ ఇస్తే చదవబోయి చెరిపేసుకుంటారు.

బీజగణితం మొదలయ్యాక టేలర్ ఫ్రేమ్ కావాలి. ఎనిమిది మూలల రంధ్రాలున్న పలక ఇది. నలుచదరపు లోహపు టైపులను ఆ రంధ్రాల్లో నిలబెడతారు. టైపు ఒక కొసన గట్టు, రెండో కొసన రెండు మొనలు ఉంటాయి. ఒక్కో కొసను ఎనిమిది దిక్కులకు తిప్పవచ్చు కాబట్టి ఒక్క టైపుతో పదహారు గుర్తులు వస్తాయి. ఏ దిక్కు ఏ అంకో పలకతో వచ్చే పట్టిక చూసి నేర్పండి. అంకగణితం టైపులు, బీజగణితం టైపులు వేరు. రెండూ ఒకే డబ్బాలో పోస్తే పీరియడ్ సగం ఏరుకోవడానికే పోతుంది. పలక కింద రబ్బరు షీటు వేయండి, లేకపోతే బల్ల మీద జారి వరుసలు చెదిరిపోతాయి. టైపు అడుగుదాకా దిగిందో లేదో నొక్కి చూడడం కూడా అలవాటు చేయాలి. సగం దిగిన టైపు కాస్త తిరిగిందంటే అంకె మారిపోతుంది.

టేలర్ ఫ్రేమ్‌లో పేర్చింది దాచుకోవడానికి లేదు, దిద్దించుకోవడానికి ఇవ్వడానికీ లేదు. భిన్నాల మీద భిన్నాలు వచ్చే పదో తరగతి లెక్కలకు అది ఇరుకు కూడా. అక్కడి నుంచి బ్రెయిలీ టైప్‌రైటర్ వైపు వెళ్లండి. బ్రెయిలీ పలక, దబ్బనం చవకే. కానీ దానిమీద కుడి నుంచి ఎడమకు తిరగేసి రాయాలి, చదవాలంటే కాగితం బయటికి తీయాలి. తీసి చదివి మళ్లీ సరిగ్గా అదే వరుసలో బిగించడం లెక్క మధ్యలో అయ్యే పని కాదు. టైప్‌రైటర్‌లో కొట్టిన చుక్కలు అప్పటికప్పుడే వేలి కిందికి వస్తాయి.

పుస్తకం తెప్పించేముందు పిల్లవాడు ఏ గణిత సంకేతం నేర్చుకున్నాడో అడగండి. బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలు: ఎడమ పక్క పైనుంచి 1, 2, 3, కుడి పక్క 4, 5, 6. చూపు లేని గణిత ఆచార్యుడు అబ్రహాం నెమెత్ రూపొందించిన కోడ్‌లో అంకెలు గడి కింది భాగంలో పడతాయి: ఒకటి అంటే రెండో చుక్క. యూఈబీలో (యూనిఫైడ్ ఇంగ్లిష్ బ్రెయిలీ) ఒకటి అంటే సంఖ్యా సూచిక, అంటే 'వచ్చేది అంకె' అని చెప్పే గుర్తు, దాని తర్వాత ఒకటో చుక్క. ప్లస్ కూడా వేరే: నెమెత్‌లో 3, 4, 6 చుక్కల ఒకే గడి, యూఈబీలో రెండు గడులు. ఒకటి నేర్చినవాడికి రెండోదాంట్లో అచ్చయిన పుస్తకం ఇచ్చి "లెక్కలు రావట్లేదు" అనుకోవడం మామూలైపోయింది.

కంప్యూటర్‌తో

ఎన్‌వీడీఏ ఉచిత స్క్రీన్ రీడర్, అంటే తెర మీదున్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్. దానితో సమీకరణాలు చదివించడానికి మ్యాథ్‌క్యాట్ వాడాలి. సమీకరణం దగ్గర ఇన్సర్ట్, ఆల్ట్, ఎమ్ కలిపి నొక్కితే లోపలికి వెళ్తుంది. కింది బాణం నొక్కితే ఆ ముక్క లోతుకు, పై బాణంతో బయటికి, కుడి బాణంతో పక్క పదానికి. ఎస్కేప్ నొక్కితే సమీకరణం నుంచే బయటికి. బ్రెయిలీ డిస్‌ప్లే (కంప్యూటర్‌కు కలిపితే చుక్కలు పైకి లేచే పరికరం) ఉంటే అదే సమీకరణం చుక్కల్లోనూ వస్తుంది.

చిక్కంతా ఫైళ్లతోనే. వాట్సాప్‌లో పంపిన బోర్డు ఫొటోలో సమీకరణం స్క్రీన్ రీడర్‌కు ఉత్త బొమ్మ. స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా అంతే. వర్డ్‌లో ఆల్ట్, ఈక్వల్ టు కలిపి నొక్కితే సమీకరణం పెట్టె తెరుచుకుంటుంది. అందులో కొట్టినదే కొత్త వర్డ్ వెర్షన్లలో చదువుతుంది. మన భాషకున్న ఇంకో తలనొప్పి అను ఫాంట్లు, అంటే డీటీపీలో వాడే యూనికోడ్ కాని ఫాంట్లు. వాటితో చేసిన ప్రశ్నపత్రం తెర మీద చక్కటి తెలుగే, స్క్రీన్ రీడర్ నోట మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు. యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వాలి, మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూడాలి.

బొమ్మలు

రబ్బరు షీటు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి బాల్‌పెన్‌తో గట్టిగా గీస్తే గీసిన వైపే గీత ఉబ్బుతుంది. త్రిభుజాలకు, కోణాలకు ఇది చాలు, పిల్లవాడే గీసుకోగలడు. దర్జీలు వాడే పళ్ల చక్రంతో మందపాటి కాగితం మీద గీస్తే మాత్రం చుక్కల గీత వెనక వైపు లేస్తుంది. కుడి ఎడమ తారుమారవుతుంది కాబట్టి బొమ్మను తిరగేసి గీయాలి. ఇది మర్చిపోతే పుటాకార దర్పణం కాస్తా కుంభాకార దర్పణమైపోతుంది, గుండెలో ఎడమ జఠరిక కుడికి వస్తుంది.

గ్రాఫుకు అడుగు చదరపు మెత్తని బోర్డు తీసుకుని సెంటీమీటరున్నర గడులుగా దారం అంటించండి. బిందువుకు గుండుసూది, గీతకు రబ్బరు బ్యాండు, మూలబిందువు దగ్గర పెద్ద తల ఉన్న సూది. గడుల గీతలు అన్నిటికంటే పల్చగా, అక్షాలు వాటికంటే మందంగా, అసలు గ్రాఫు గీత అన్నిటికంటే ఎత్తుగా ఉండాలి. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే వేలికి వలలా తగులుతుంది తప్ప గ్రాఫు దొరకదు.

రెండు గీతల మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు వదలాలి. అంతకన్నా దగ్గరైతే రెండూ ఒక్కటిగా అనిపిస్తాయి. పుస్తకంలోని గుండె బొమ్మను ఉన్నదున్నట్టు ఉబ్బిస్తే ఎవరికీ అర్థం కాదు. మూడు కాగితాలు చేయండి: ఒకదాంట్లో బయటి ఆకారం, గోడలు, రెండోదాంట్లో నాలుగు గదులు, కవాటాలు, మూడోదాంట్లో రక్తం వెళ్లే దారి. ఘనం బొమ్మ అసలు వద్దు, చాక్‌పీసుల డబ్బా చేతికివ్వండి. తయారుగా కావాలంటే ఐఐటీ ఢిల్లీలో పుట్టిన రెయిజ్డ్ లైన్స్ ఫౌండేషన్ ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలకు స్పర్శ చిత్రాలు చేస్తోంది. జామెట్రీ పెట్టెలు, టేలర్ ఫ్రేముల కోసం మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రం) ఐఈఆర్‌పీని, అంటే అక్కడి రిసోర్స్ పర్సన్‌ను అడగండి.

ల్యాబ్‌లో

సామాన్లన్నీ అంచులున్న పళ్లెంలో, ప్రతిసారీ అదే చోట పెట్టండి. చెప్పకుండా జరపొద్దు, ఒలికేది అప్పుడే.

ద్రవం కొలవడానికి 10 మిల్లీలీటర్ల సూది లేని సిరంజి తీసుకోండి. పిస్టన్‌ను 5 దగ్గరికి లాగి, గొట్టం అంచు తగిలే చోట పిస్టన్ కాడ మీద బ్లేడుతో చిన్న గాటు పెట్టండి. గాటు గోటికి తగిలేదాకా లాగితే 5 మిల్లీలీటర్లు. లోపల గాలి బుడగ చేరితే కొలత తగ్గుతుంది. కొన ద్రవంలోనే ఉంచి రెండుసార్లు లాగి వదిలాక కొలవమనండి. గాఢ ఆమ్లాలకు ఇది వద్దు.

లిట్మస్‌కు బదులు ఉల్లిపాయ. సన్నగా తరిగిన ఉల్లిని గుడ్డ పీలికలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక పీలిక మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఇంకోదాని మీద సజల సోడియం హైడ్రాక్సైడ్ కొన్ని చుక్కలు వేసి, రెండింటినీ నీళ్లతో కడిగాక వాసన చూడమనండి. ఆమ్లం పడినదాంట్లో వాసన ఉంటుంది, క్షారం పడినదాంట్లో పోతుంది. కడగకుండా ముక్కు దగ్గర పెట్టనివ్వద్దు. ఇది పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో ఉన్నదే కాబట్టి తరగతి మొత్తం చేయవచ్చు.

విద్యుత్ వలయంలో బల్బు బదులు 3 వోల్టుల బజర్, రెండు సెల్లులు పెట్టండి. మోగకపోతే ముందు తీగలు మార్చి చూడండి: బల్బుకు ఎటు కలిపినా ఒకటే, బజర్‌కు ఎర్ర తీగ ధన ధ్రువానికే వెళ్లాలి. ఓమ్ నియమానికి బజర్ పనికిరాదు, అంకెలు కావాలి. మాట్లాడే మల్టీమీటర్ లేకపోతే రీడింగులు తోటి విద్యార్థి చదవాలి, గ్రాఫు మాత్రం ఇతనే సూదులతో గుచ్చాలి.

పరీక్షకు

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. స్క్రైబ్‌తో (చెప్పింది రాసిపెట్టే సహాయకుడు) రాసే లెక్కకు ఆ గంట ఇట్టే అయిపోతుంది. టేలర్ ఫ్రేమ్ మీద చేసింది నోటితో చెప్పి రాయించాలి, రాసింది చదివించుకోవాలి. యూనిట్ పరీక్షల నుంచే స్క్రైబ్‌తో రాయించండి. లవం, హారం, మూలం, బ్రాకెట్ ముగింపు చెప్పే పద్ధతి ఇద్దరికీ ఒకటే అయి ఉండాలి. ఫ్రేమ్, అబాకస్, జామెట్రీ పెట్టె హాల్లోకి తీసుకెళ్లడానికి అనుమతి కాగితం ముందుగానే తీసుకోండి. పరీక్ష రోజు గేటు దగ్గర మాట్లాడుకుందామంటే కుదరదు.