దక్షిణ కాలిఫోర్నియాలో జకరండా నాటే ముందు

మార్చి వచ్చిందంటే పెరట్లో జకరండా అనే ఊదా పూల చెట్టు పెట్టాలన్న సరదా మొదలవుతుంది. గొయ్యి తవ్వే ముందు ఇవి చూసుకోండి.

డ్రైవ్‌వేకి, స్విమ్మింగ్ పూల్‌కి, నడిచే బాటకి దూరంగా నాటండి. చెట్టు 25 నుంచి 40 అడుగులు పెరుగుతుంది, కొమ్మలూ బాగా విస్తరిస్తాయి. మే, జూన్ నెలల్లో రాలే ఊదా పూలు కారుకి జిగురుగా అంటుకుంటాయి, తడి సిమెంటు మీద పడితే కాలు జారుతుంది. పెద్ద చెట్టయ్యాక చోటు మార్చలేం. కొట్టించాలంటే ఆ బిల్లు చూసి పూల మీద మోజు తీరిపోతుంది.

తవ్వడానికి కొన్ని రోజుల ముందే 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెడతారు.

కాండం వేర్లుగా విచ్చుకునే చోటు మట్టి పైకే కనిపించాలి. పూడిస్తే మొదలు కుళ్లుతుంది.

మొదటి రెండు వేసవులు నీళ్లు నెమ్మదిగా, లోతుగా దిగేలా పెట్టండి. ఇక్కడ వానలు దాదాపు అన్నీ చలికాలంలోనే, ఎండాకాలం చుక్క పడడం అరుదు. లాన్ స్ప్రింక్లర్‌నే నమ్ముకుంటే వేర్లు పైపైనే తిరుగుతాయి.

లాన్ ఎరువు దగ్గరికి రానివ్వకండి. నత్రజని ఎక్కువైతే ఆకే ఆకు, పూత తక్కువ.

లేత మొక్క గడ్డకట్టే చలికి తట్టుకోదు. పల్లంలో ఇల్లుంటే అలాంటి రాత్రులు దుప్పటి కప్పాలి.

తల నరికించకండి. నిట్టనిలువు రెమ్మలు లేచి గొడుగు ఆకారం పాడవుతుంది.

సముద్రపు చల్లగాలి నేరుగా కొట్టే ఇల్లయితే పూత పలచనే. అక్కడ నేనైతే దీని జోలికి పోను.