ఒడిశాకి కొత్తగా వచ్చారా, కడుపు పాడైందా? నీళ్లతో పాటు పాలనీ అనుమానించండి

రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం వైపు ఉద్యోగానికో చదువుకో వచ్చిన తెలుగువాళ్లకి కడుపు పాడైతే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటే, నీళ్లు పడలేదు అని. నేనూ రాయగడ వచ్చిన కొత్తలో అదే నమ్మి ఐదు నెలలు క్యాన్ నీళ్లు కొన్నాను, గ్యాస్ మాత్రలు మింగాను, ఏమీ తగ్గలేదు. చివరికి తేలింది పాల వల్లేనని. ఇంటిదగ్గర పెరుగు, మజ్జిగ తప్ప ఉత్త పాలు ముట్టేదాన్ని కాదు, ఇక్కడ గదిలో వంట కుదరక పొద్దున పెద్ద గ్లాసు పాలతో సరిపెట్టుకునేదాన్ని.

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నపేగులో తయారవుతుంది, చంటితనంలో బాగా ఉండి పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది పరిస్థితి ఇదే, కాబట్టి టెన్షన్ పడకండి. అరగని లాక్టోజ్ పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, అందుకే తాగిన అరగంట నుంచి రెండు గంటల్లోపు ఉబ్బరం, గుడగుడ, మెలిపెట్టే నొప్పి, విరేచనాలు.

ముందు ఇంట్లోనే చూసుకోండి. రెండు వారాలు పాలు, టీ, పెరుగు, కోవా స్వీట్లు అన్నీ మానేసి, తర్వాత ఒకరోజు పరగడుపున గ్లాసు పాలు తాగి ఏం జరిగిందో టైముతో సహా రాసుకోండి. ఆ కాగితం డాక్టరుకి చాలా పనికొస్తుంది. గట్టిగా తేల్చుకోవాలంటే హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ ఉంది, పెద్ద ఊళ్లలో గ్యాస్ట్రో డాక్టర్ల దగ్గర అడగండి: రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్తే లాక్టోజ్ కలిపిన నీళ్లు తాగించి, రెండు మూడు గంటలపాటు మధ్యమధ్యలో ఊదిస్తారు, ఊపిరిలో హైడ్రోజన్ మొదటికన్నా 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20) పెరిగితే పాలు అరగడం లేదన్నట్టే. ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడి ఉంటే ముందే చెప్పండి, ఫలితం తారుమారవుతుంది.

విరేచనాల జబ్బు చేసి తగ్గాక కొన్ని వారాలు మాత్రమే పాలు పడకపోవడం కూడా ఉంటుంది, అది శాశ్వతం కాదు. దద్దుర్లు, పెదాలు వాయడం, ఆయాసం వస్తే అది పాల అలర్జీ, పూర్తిగా వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విరేచనంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే పాల మీద నెట్టేసి ఊరుకోవద్దు. పసిపిల్లలకి మీ అంతట మీరు పాలు ఆపేయకండి, దయచేసి.

డాక్టరుతో చెప్పడానికి ఒక ముక్క నేర్చుకోండి: "ఖీర పిఇలే ఝాడా హెఉఛి", పాలు తాగితే విరేచనాలు అవుతున్నాయని. ఒడియాలో ఖీర అంటే పాలే, పాయసాన్ని ఖిరి అంటారు, హిందీ అలవాటుతో పొరబడొద్దు.

అన్నీ మానెయ్యక్కర్లేదు. గ్లాసు పాలలో సుమారు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, అన్నం తిన్నాక సగం గ్లాసైతే చాలామందికి ఇబ్బంది ఉండదు. పెరుగు వేసిన పఖాళ, అంటే ఇక్కడి చద్దన్నం, నాకు హాయిగా పడుతుంది. పాలు విరిచినప్పుడు లాక్టోజ్‌లో ఎక్కువ భాగం విరుగుడు నీళ్లతోనే పోతుంది కాబట్టి ఛెనాపోడ (విరిగిన పాలముద్దని కాల్చి చేసే ఇక్కడి స్వీటు) కొంచెం తిని చూడొచ్చు, కోవా స్వీట్లు, ఖిరి మాత్రం జాగ్రత్త. కాల్షియం కోసం చోళ్లు (రాగులు) ఉన్నాయి, ఇక్కడి సంతల్లో మండియా అని అడిగితే ఇస్తారు, పొద్దున పాల బదులు నేనిప్పుడు ఆ అంబలే తాగుతున్నాను.